కారు స్పీకర్లకును ఆంప్లిఫయరు శక్తికిని పొంతన

బెంగుళూరు నగరమునకు ఆగ్నేయదిశయందు, హోసూరు రాజమార్గముపై, నగరమధ్యమునకు సుమారు 25 కిలోమీటర్ల దూరమున చందాపుర కలదు. ఆనేకల్లు తాలూకాకును హోసూరు సీమకును తెలుగు క్రొత్తది కాదు. తరతరములుగా నిచట తెలుగు మాటాడు కుటుంబములు గలవు. వారికి తోడు బొమ్మసంద్ర, జిగణి పారిశ్రామికవాటికలలోను, ఎలక్ట్రానిక్ సిటీలోను ఉద్యోగములకై రాయలసీమనుండియు, కోస్తానుండియు, తెలంగాణమునుండియు వచ్చి స్థిరపడినవారు అనేకులు. 2010వ సంవత్సరమున సిల్క్ బోర్డునుండి ఎలక్ట్రానిక్ సిటీవరకు ఎత్తుబాట వెలసినది. 2025 ఆగస్టులో మెట్రోరైలు బొమ్మసంద్రదాక వచ్చినది. అయినను పిల్లలతో, పెద్దలతో కుప్పమునకో, చిత్తూరునకో, తిరుపతికో పోవలెనన్న సొంతకారే మేలనువారు మనలో తక్కువ కాదు. ఆ ప్రయాణమునకు పాట యొక తోడు. కావుననే కారు కొన్న కొన్ని నెలలలోపల స్టీరియో మార్చుట, తలుపులలో స్పీకర్లు మార్చుట, డిక్కీలో బాస్ ట్యూబు పెట్టించుట మన యిండ్లలో పరిపాటి యైనది.

ఇట్లు పెట్టించుకొనువారు అంగడిలో మొట్టమొదట అడుగు ప్రశ్న “ఇది ఎన్ని వాట్లు?” అని. అంగడివాడు పెట్టెమీది అంకెను చూపును. అంకె యెంత పెద్దదైన వస్తువు అంత గొప్పదని కొనువాడు తలచును. పెండ్లికి జాతకములు చూచి పొంతన కుదిరినదో లేదో తెలిసికొనునంత శ్రద్ధతో మనవారు స్పీకరునకును ఆంప్లిఫయరునకును పొంతన చూచినచో, పాడైన ట్వీటర్లు, మాడిన తీగచుట్టలు, కరిగిన వైర్లు మన కార్లలో ఇన్ని యుండవు. ఆ పొంతన లెక్క అంత కఠినమైనది కాదు. ఉన్నతపాఠశాలలో చదివిన ఓము సూత్రము తెలిసిన చాలును.

మొదట పెట్టెమీది వాట్లను విచారింతము. 1990 ప్రాంతమున టేపురికార్డరు కొన్న యిండ్లవారికి “పి.ఎం.పి.ఓ.” అను అక్షరములు గుర్తుండక మానవు. అరచేతిలో పట్టు స్పీకర్లపై వేలకొలది వాట్లు అచ్చువేసిన కాలమది. ఆ అంకెకు శాస్త్రములో స్థిరమైన నిర్వచనమే లేదు. నేడు ఆ అక్షరములు కొంత మరుగుపడినను వాని బుద్ధి మాత్రము “మాక్సిమం”, “పీక్” అను మాటలలో దాగియున్నది. ఒక తరంగము శిఖరమునంటిన క్షణకాలమున కలుగు శక్తి వేరు, గంటలతరబడి నిలకడగా నుండు సగటుశక్తి వేరు. రెండవదానిని వ్యాపారభాషలో “ఆర్.ఎం.ఎస్. వాట్లు” అందురు. శాస్త్రజ్ఞులు ఈ పేరును ఒప్పుకొనరు. ఆర్.ఎం.ఎస్. అనునది వోల్టులకును ఆంపియర్లకును చెల్లునుగాని శక్తికి కాదు. వారి వాదము న్యాయమే. అయినను ఆ పేరు లోకములో పాతుకొనిపోయినది గాన మనమును దానినే వాడుదము. పొంతన చూడవలసినది ఈ ఆర్.ఎం.ఎస్. అంకెలకు మాత్రమే.

కారు స్టీరియోలపై “50 వాట్లు × 4” అని వ్రాయుట పాఠకులు చూచియే యుందురు. ఈ 50 ఎచ్చటనుండి వచ్చినదో పరిశీలించుట మిక్కిలి ప్రయోజనకరము. ఇంజను నడచుచుండగా కారులోని విద్యుత్పీడనము సుమారు 14.4 వోల్టులు. స్టీరియోలోపలి ఆంప్లిఫయరు స్పీకరు రెండు కొనలను ఎదురెదురుగా నడపును గాన దాని తరంగము ఇరువైపులకును ఎక్కువలో ఎక్కువ 14.4 వోల్టులవరకు పోగలదు. అట్టి తరంగమునకు ఆర్.ఎం.ఎస్. విలువ 14.4ను 1.414చే భాగింపగా వచ్చిన 10.2 వోల్టులు. దానిని వర్గముచేసి స్పీకరు అవరోధమైన 4 ఓములచే భాగించిన 26 వాట్లు వచ్చును. ట్రాన్సిస్టర్లలో కొంత నష్టము తప్పదు. కావున ఆచరణలో చెవికి శుద్ధముగా వినవచ్చునది ఒక్కొక్క స్పీకరునకు 20 వాట్లకు అటునిటు. మఱి 50 ఎట్లు వచ్చినది? తరంగమును పూర్తిగా చదునుచేసి చతురస్రముగా మార్చినచో 14.4 యొక్క వర్గమును 4చే భాగింపగా సుమారు 52 వాట్లు వచ్చును. అనగా పాట పాటగా నుండక గరగరలాడు స్థితిలో పుట్టు శక్తిని పెట్టెమీద అచ్చువేసినారన్నమాట. 12 వోల్టుల బ్యాటరీనుండి పీడనమును పెంచుకొనక ఇంతకు మించి యెవరును రాబట్టలేరు. వేరుగా అమర్చు ఆంప్లిఫయరు ఈ హద్దును దాటగలుగుటకు కారణము, దానిలోపల పీడనమును పెంచు ప్రత్యేకమైన విద్యుత్ పరివర్తకము ఉండుటయే.

ఆ వేరు ఆంప్లిఫయరు విషయమున కొనువానికి ఒక నమ్మకమైన సాక్షి కలదు. అది దాని ప్రక్కన గ్రుచ్చియుండు ఫ్యూజు. పెట్టెమీద 2000 వాట్లని యున్నదనుకొందము. ప్రక్కన 30 ఆంపియర్ల ఫ్యూజు ఒక్కటియే యున్నది. 30ని 14.4చే గుణింపగా 432 వాట్లు. బ్యాటరీనుండి నిలకడగా లోనికి పోగల శక్తియే అంత. డి తరగతి ఆంప్లిఫయరు దానిలో నూటికి 80 వంతులు స్పీకరునకు అందించినదనుకొన్నను 345 వాట్లకు మించదు. ఏబి తరగతిదైనచో సగమునకు కొంచెము మించి మాత్రమే అందును. తక్కిన 1650 వాట్లు కాగితముమీదివి. అంగడిలో నిలువబడియే చేయదగిన లెక్క యిది. ఫ్యూజును ఎక్కువ చేసి అమ్మువారు ఉండరా యని యడుగవచ్చును. ఉండవచ్చును గాని, ఎక్కువ ఫ్యూజు శక్తిని సృష్టింపదు, ఆపదను మాత్రము పెంచును. అమెరికాలోని ఎలక్ట్రానిక్స్ తయారీదారుల సంఘము వెలువరించిన సి.ఇ.ఏ.-2006 అను ప్రమాణము ఈ గందరగోళమును చాలవరకు తీర్చినది. 14.4 వోల్టుల పీడనమున, 4 ఓములపై, నూటికి 1 వంతు వికృతికి మించకుండ కొలిచిన శక్తినే అందు ముఖ్యాంకముగా వ్రాయవలెను. ఆ గుర్తు గల వస్తువులపై 75 అని యున్న 75 అనియే నమ్మవచ్చును.

ఇక స్పీకరు సంగతి. చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అను నిరువురు అమెరికా ఇంజనీర్లు 1925లో ప్రకటించిన రూపమే నేటికిని మూలములో మారలేదు. అయస్కాంతపు సందులో సన్నని తీగచుట్ట, దానికి అంటిన కాగితపు గిన్నె. చుట్టలో విద్యుత్తు పాఱిన గిన్నె ముందువెనుకలకు ఊగి గాలిని కదలించును. విద్యుచ్ఛక్తిలో ధ్వనిగా మారునది మాత్రము అత్యల్పము. ఒక వాటు ఇచ్చి ఒక మీటరు దూరమున కొలిచినప్పుడు 92 డెసిబెళ్లు పలుకు మంచి స్పీకరులో సైతము నూటికి ఒక వంతు మాత్రమే ధ్వని యగుచున్నది. మిగిలిన 99 వంతులును వేడియై ఆ సన్నని చుట్టనే కాల్చును. స్పీకరు మీది “ఆర్.ఎం.ఎస్. 50 వాట్లు” అనుదానికి అర్థము ఇది: ఆ చుట్ట అంత వేడిని నిలకడగా ఓర్చుకొనగలదు. అది స్పీకరు పుట్టించు శక్తి కాదు, సహించు శక్తి. గొప్ప పాటకు 50 వాట్లు తప్పక ఇయ్యవలెనని దాని యర్థము కానేకాదు.

ఎంత శక్తికి ఎంత బిగ్గరయగునో తెలిసికొన్నచో వాట్లపై మోజు కొంత తగ్గును. శక్తి రెట్టింపైన ధ్వని 3 డెసిబెళ్లు మాత్రమే పెరుగును. అది చెవికి “కొంచెము పెరిగినది” అని తోచునంత. రెండింతల బిగ్గర యని తోచుటకు సుమారు 10 డెసిబెళ్లు, అనగా పదిరెట్ల శక్తి కావలెను. ఒక వాటుకు 90 డెసిబెళ్లు పలుకు స్పీకరు 20 వాట్లకు 103, 50 వాట్లకు 107, 100 వాట్లకు 110 డెసిబెళ్లు పలుకును. 50 వాట్ల ఆంప్లిఫయరు తీసి 100 వాట్లది పెట్టినందువలన లభించునది ఆ మూడే. ఆ మూడు డెసిబెళ్లను 93 పలుకు స్పీకరును కొని ఆంప్లిఫయరును మార్చకయే పొందవచ్చును. అయితే యిచట నొక మెలిక కలదు. కొందరు తయారీదారులు ఒక వాటునకు బదులు 2.83 వోల్టులిచ్చి కొలుతురు. 4 ఓముల స్పీకరునకు అది రెండు వాట్లు. కావున అట్టి అంకెనుండి 3 తీసివేసియే పోల్చవలెను.

ఇప్పుడు పొంతనలోని కీలకమునకు వత్తము. పెద్ద ఆంప్లిఫయరు స్పీకరును కాల్చుననియు, చిన్నది క్షేమమనియు సామాన్యుల నమ్మకము. ఆచరణలో చిన్న ఆంప్లిఫయరే ఎక్కువ స్పీకర్లను బలిగొనుచున్నది. హేతువు చూడుడు. 20 వాట్ల ఆంప్లిఫయరుతో కిటికీలు తెరచి, హోసూరు రోడ్డుపై లారీల మ్రోతను మించి వినవలెనని వాల్యూము పెంచుచు పోయినచో, దాని పీడనము హద్దుకు చేరి తరంగముల తలలు తెగును. దీనినే క్లిప్పింగు అందురు. తల తెగిన తరంగము చతురస్రమునకు సమీపించును. అప్పుడు 20 వాట్ల ఆంప్లిఫయరు 40 వాట్లవరకు ఇయ్యగలదని పైలెక్కవలననే తేలుచున్నది. అంతకన్న ముఖ్యము, ఆ శక్తి ఏ స్పీకరునకు చేరుచున్నదనుట. మంద్రస్వరముల తలలు ముందుగా తెగిపోయి అచటనే ఆగిపోవును. వాల్యూము పెంచినకొలది తారస్వరములు మాత్రము పైకి లేచుచునే యుండును. తెగినచోట పుట్టు క్రొత్త స్వరములును తారస్థాయివే. ఇవన్నియు కలిసి కొద్ది వాట్లనే సహించు ట్వీటరుపై పడును. మొదట పోవునది ట్వీటరు అగుటకు కారణమిది. “స్పీకరు మంచిది కాదు” అని అంగడిమీద కోపించువారిలో చాలమంది స్పీకరు నిర్దోషియే.

పాటనుబట్టియు ఈ లెక్క మారును. కర్ణాటకసంగీత కచేరీని మంచిగా ముద్రించిన పక్షమున మృదంగపు చాపు శిఖరమునకును సగటు ధ్వనికిని 15 మొదలు 20 డెసిబెళ్ల అంతరము ఉండవచ్చును. సగటున ఒక వాటు చాలు పాటకు ఆ చాపు క్షణమున 50 వాట్లు కావలసివచ్చుననుట. అట్టి శ్రోతకు ఆంప్లిఫయరులో మిగులుశక్తి ఉండితీరవలెను. చుట్ట మాత్రము వేడెక్కదు, సగటు స్వల్పము గనుక. నేటి చిత్రగీతములు పెక్కు అట్లుకావు. ముద్రణలోనే శిఖరములను అణచి సగటును పైకి లాగుదురు. వీనిని పూర్ణశక్తితో గంటసేపు వినిపించిన చుట్ట ఊపిరి తీయుటకు వ్యవధి దొరకదు. ఘంటసాల పాటలు వినువారికి వేరు చింత. ఆ కాలపు ముద్రణలలో లోతైన మంద్రమే స్వల్పము గాన, డిక్కీలోని పెద్ద వూఫరు ఆ పాటలకు చేయు ఉపకారము కొంచెమే. ఇంటిల్లిపాది ఏమి విందురో విచారించి కొనుట లెస్స యని నా యభిప్రాయము.

కావున పొంతన సూత్రమును ఇట్లు చెప్పవచ్చును. ఆంప్లిఫయరు ఒక్కొక్క దారియందిచ్చు ఆర్.ఎం.ఎస్. శక్తి, స్పీకరు సహించు ఆర్.ఎం.ఎస్. శక్తికి సమానము మొదలు ఒకటిన్నర రెట్ల వరకు ఉండుట మంచిది. అధికముగా నున్నప్పుడు దానిని అదుపులో పెట్టు ఉపాయము క్రింద చెప్పబడును. తక్కువగా నున్నను తప్పులేదు, గరగర వినవచ్చిన చోట వెనుకకు తగ్గు నిగ్రహమున్న చాలును.

రెండు అంకెలును ఒకే ఓములపై కొలిచినవి కావలెను. ఒక ఆంప్లిఫయరు 4 ఓములపై 50 వాట్లు ఇచ్చునది 2 ఓములపై 75 ఇయ్యవచ్చును. 4 ఓముల స్పీకర్లు రెండింటిని సమాంతరముగా కలిపిన 2 ఓములు, వరుసగా కలిపిన 8 ఓములు అగును. రెండు చుట్టలు గల సబ్ వూఫరులకును ఇదే లెక్క. రెండు దారులను కలిపి ఒక్క వూఫరును నడపునప్పుడు, అనగా “బ్రిడ్జి” చేయునప్పుడు, ఒక్కొక్క దారికి ఆ వూఫరు సగము ఓములుగానే తోచును. అందుచే బ్రిడ్జి చేసిన ఆంప్లిఫయరునకు 2 ఓముల వూఫరు తగిలించిన అది ఒక ఓమును మోయవలసివచ్చి వేడెక్కి ఆగిపోవును, లేదా కాలిపోవును. కారుతో వచ్చిన స్పీకరును ఉంచుకొని ఆంప్లిఫయరు మాత్రము చేర్చువారు మల్టీమీటరుతో స్పీకరు కొనలను కొలిచి చూడవలెను. 3.2 మొదలు 3.8 వరకు వచ్చిన అది 4 ఓములది. 2 లోపల వచ్చినచో 2 ఓములది. కంపెనీవారే ఖరీదైన సంగీతయంత్రము అమర్చిన కార్లలో తక్కువ ఓముల స్పీకర్లు కానవచ్చుట కలదు. 1983 నమూనా కార్లలో జనరల్ మోటార్స్ వారును అమర్ బోస్ గారి సంస్థయును కలిసి, కారులోపలి ఆకృతికి తగినట్లు ఆంప్లిఫయరును స్పీకరును ఒక జంటగా నిర్మించి యిచ్చినది మొదలు ఈ పద్ధతి వ్యాపించినది. అట్టి జంటలో ఒకదానిని విడదీసి వేరొకటి పెట్టుట సాహసము.

ఆంప్లిఫయరుపై “గెయిన్” అని యొక మర చిన్న స్క్రూరూపమున నుండును. దానిని వాల్యూము వంటిదని భావించి చివరవరకు త్రిప్పుటయే మన కార్లలోని సగము రోగములకు మూలము. స్టీరియో పంపు సంకేతమునకును ఆంప్లిఫయరు గ్రహణశక్తికిని పొత్తు కుదుర్చుటయే దాని పని. దానిని సరిచేయు విధము సులభము. స్పీకరు తీగలు విప్పవలెను. బాస్ బూస్టు, ఈక్వలైజరు అన్నియు శూన్యమున నుంచి, స్టీరియో వాల్యూమును నాలుగింట మూడు వంతులకు పెట్టి, 1000 హెర్ట్జుల పరీక్షాస్వరమును వినిపింపవలెను. సబ్ వూఫరు దారికైన 50 హెర్ట్జులు. మల్టీమీటరును ఏసీ వోల్టులలో నుంచి ఆంప్లిఫయరు కొనలయందు కొలుచుచు, కావలసిన వోల్టులు వచ్చువరకు మాత్రమే మరను త్రిప్పి విడువవలెను. ఎన్ని వోల్టులన, వాట్లను ఓములచే గుణించి వర్గమూలము తీయుడు. 50 వాట్లు, 4 ఓములు అయిన 14.1 వోల్టులు. 75 వాట్లైన 17.3. 2 ఓములపై 300 వాట్ల వూఫరైన 24.5. ఆంప్లిఫయరు స్పీకరుకన్న పెద్దదైనప్పుడు స్పీకరు వాట్లనే లెక్కకు తీసికొనవలెను. ఇంత పని చేయించుటకు పది నిముషములు చాలును. చేయని అంగడిలో మనమే పట్టుపట్టి చేయించుకొనవలెను. తలుపు స్పీకర్లకు 80 హెర్ట్జుల క్రింది స్వరములను ఆపు ఫిల్టరును పెట్టిన అవి తక్కువ ఊగి, అదే శక్తితో శుద్ధముగా పలుకును.

విద్యుత్తు వచ్చు త్రోవను మరచుట ప్రమాదకరము. నిలకడగా 30 ఆంపియర్లు ఇంజను గదినుండి డిక్కీకి 5 మీటర్లు పోవలసియున్నదనుకొందము. ఇంటి వైరింగునకు వాడు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ వేసిన దానిలోనే ఒక వోల్టు నశించి 30 వాట్ల వేడి పుట్టును. కార్పెటు క్రింద అట్టి వేడి నిప్పునకు పిలుపు. 8 గేజి తీగలో నష్టము సుమారు 0.3 వోల్టు, 4 గేజిలో 0.12. రాగిపూత పూసిన అల్యూమినియము తీగలు చౌకగా దొరకును. అవి అదే లావున మూడింట రెండు వంతులే వహింపగలవు గాన ఒక మెట్టు లావైనది తీసికొనవలెను. బ్యాటరీనుండి 45 సెంటీమీటర్లలోపల ఫ్యూజు ఉండితీరవలెను. ఆ ఫ్యూజు ఆంప్లిఫయరును కాపాడుటకు కాదు, తీగ ఒరసికొని బాడీకి తగిలినపుడు కారును కాపాడుటకు. కెపాసిటరు డబ్బాలు శక్తిని పుట్టింపవు, వానికి పెట్టు ధనము తీగకు పెట్టుట మేలు. చిన్న కార్ల బ్యాటరీ సాధారణముగా 35 ఆంపియర్ గంటలది. ఇంజను ఆపి 10 ఆంపియర్ల చొప్పున పాట వినిపించిన గంటన్నరకే సగము ఖాళీయగును. పిమ్మట స్టార్టరు తిరుగునని నమ్మకము లేదు.

మధ్యతరగతి కుటుంబపు చిన్న కారునకు ఏది చాలునని యడిగిన, ముందు తలుపులలో 90 డెసిబెళ్లకు తగ్గక పలుకు, 50 లేక 60 వాట్లు సహించు స్పీకర్ల జత, తలుపు రేకు మ్రోగకుండ లోపల అంటించు డ్యాంపింగు షీటు, 4 ఓములపై నిజముగా 50 వాట్ల చొప్పున ఇచ్చు నాలుగు దారుల ఆంప్లిఫయరు, దానికి తగిన తీగ చాలునందును. వెనుక దారులు రెండును బ్రిడ్జి చేసి 4 ఓముల చిన్న వూఫరును నడుపవచ్చును. కారు తీగలు కోయనీయక కప్లరులతోనే కలిపించుకొనవలెను. కోసిన తీగను కారణముగా చూపి వారంటీ నిరాకరింపబడవచ్చును. కిటికీలు మూసికొని మంద్రముగా వినువారికి స్టీరియోలోని 20 వాట్లే చాలును, వారు ఆంప్లిఫయరు కొననే అక్కరలేదు.

ధ్వని కారు దాటి పోవుటను గూర్చి 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు కలవు. నివాసప్రాంతములలో పగలు 55, రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 వరకు 45 డెసిబెళ్లు పరిమితి. కిటికీ మూసినను వూఫరు మ్రోత ఆగదు. మంద్రస్వరములు రేకును, గోడను కూడ దాటును. అపార్టుమెంటు సెల్లారులో రాత్రి కారు నిలుపువారు దీనిని గమనింపవలెను. కారులోపలి వారి చెవులకు ప్రపంచారోగ్యసంస్థవారు చెప్పు హద్దు వేరు: 80 డెసిబెళ్లైన వారమునకు 40 గంటలు, 90 అయిన 4 గంటలు. చందాపురనుండి తిరుపతికి పోయి వచ్చుటకు సుమారు 10 గంటలు పట్టును. దారిపొడవునను 90 డెసిబెళ్లతో విన్నవారు రెండు వారములకు మించిన హద్దును ఒక్క యాత్రలోనే వ్యయము చేసినవారగుదురు. వెనుక పలకమీద స్పీకర్లున్న కార్లలో వెనుక కూర్చున్న పిల్లల చెవులకు అవి అరమీటరు దూరమున నుండును. స్టీరియోలోని ఫేడరును ముందువైపు త్రిప్పినచో ఆ భారము తగ్గును.